కొట్టు బోర్డుకి, పచ్చడి సీసాకి, ఆఫీసు గోడకి రంగు ఎంచుకోవడం ఎలా

మా నాన్న విజయవాడ గవర్నర్‌పేటలో బోర్డులు రాసేవారు. రేకు మీద ఎనామిల్ పెయింటు, సుద్ద పూసిన దారం, నాలుగైదు సన్న కుంచెలు, అంతే సరంజామా. బోర్డు సగం అయ్యాక నన్ను రోడ్డు అవతలికి పంపించేవారు. "కళ్లు సగం మూసి చూడమ్మా, ముందు ఏం కనపడుతోందో చెప్పు" అనేవారు. పేరు కాకుండా ఇంకేదైనా చెప్పానంటే రంగు మారిపోయేది. అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్లు. ఇప్పుడు నా చేతిలో కుంచె లేదు, కంప్యూటర్ ఉంది. కానీ ఇరవై రెండేళ్లుగా నా పని రంగులతోనే. కొట్ల బోర్డులు, పచ్చళ్ల లేబుళ్లు, చిన్న ఆఫీసుల గోడలు చేస్తుంటాను.

నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "నీలం అంటే నమ్మకమట కదండీ, ఎరుపు చూస్తే ఆకలేస్తుందట కదండీ" అని. ఏ రంగుకి ఏ భావమో చెప్పే పట్టిక ఒకటి అందరి ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. దయచేసి దాన్ని నమ్మి డబ్బు పెట్టకండి. బ్యాంకులే చూడండి. స్టేట్ బ్యాంకుది నీలం. ఐసీఐసీఐది నారింజ, మెరూన్. కోటక్‌ది ఎరుపు. యాక్సిస్‌ది ముదురు మెరూన్. అన్నిట్లోనూ జనం డబ్బు దాచుకుంటున్నారు. తిండి దగ్గరికొస్తే కేఎఫ్‌సీ ఎరుపు, స్టార్‌బక్స్ ఆకుపచ్చ. డైరీ మిల్క్ రేపరు వంగపండు రంగు. చాక్లెట్‌లో ఆ రంగు వెతికినా దొరకదు. కానీ దశాబ్దాల తరబడి రంగు మార్చకుండా అమ్మారు కాబట్టి, దూరం నుంచి ఆ రంగు కనపడితే చాలు, పిల్లలు చాక్లెట్ అంటారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం కూడా అంతే. పసుపు రంగుకి తలనొప్పి తగ్గుతుందని ఏ పట్టికలోనూ ఉండదు. మా అమ్మమ్మకి మాత్రం ఆ పసుపు సీసా చేతికి దొరికితే సగం తగ్గినట్టుండేది.

గులాబీ రంగు కథ కూడా తెలుసుకోవాలి. 1979లో అమెరికాలో సియాటెల్ నౌకాదళ జైలులో ఒక గదికి బబుల్‌గమ్ లాంటి గులాబీ రంగు వేశారు. లోపలికి పంపిన ఖైదీలు మెత్తబడుతున్నారన్నారు. ఆ జైలు అధికారుల పేర్లతో దానికి బేకర్-మిల్లర్ పింక్ అని పేరు పెట్టారు. వేరే జైళ్లు కూడా వేసుకున్నాయి. తర్వాత పద్ధతిగా చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

అంటే రంగు పని చెయ్యదని కాదు, చాలా గట్టిగా చేస్తుంది. కాకపోతే ఒంటరిగా చెయ్యదు. పక్కన ఏ రంగు ఉంది, పైన ఏ వెలుగు పడుతోంది, చూసేవాళ్లకి ఆ రంగు ఇదివరకు ఎక్కడ అలవాటు అనే మూడింటినీ బట్టి అదే రంగు వేరే రంగైపోతుంది. ఈ మూడూ మీ కొట్టు దగ్గర నిలబడి చూస్తేనే తెలుస్తాయి.

ముందు మాట తేల్చుకోండి

తెలుగులో పచ్చ అంటే ఆకుపచ్చ కావచ్చు, పసుపుపచ్చ కావచ్చు. పచ్చగడ్డి అంటాం, పచ్చకామెర్లు అంటాం. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక కిరాణా కొట్టాయన ఫోన్ చేసి "పచ్చ బోర్డమ్మా, తెల్ల అక్షరాలు" అన్నారు. నాకు పసుపు తట్టింది. పసుపు మీద తెలుపు కనపడదు కదా అని అక్షరాలకి ఎర్ర గీత కూడా చుట్టాను. ఆయన మనసులో ఉన్నది ఆకుపచ్చ. ఫ్లెక్స్ ప్రింటయి, ఫ్రేముకి కొట్టాక గానీ ఇద్దరికీ తెలియలేదు. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి నోటిమాటతో రంగు ఒప్పుకోవడం మానేశాను.

చీరల కొట్టు భాష వాడండి. లేత గులాబీ అంటే పదిమందికి పది రంగులు కనపడతాయి. ఉల్లిపొర రంగు అంటే అందరూ దాదాపు ఒకచోటికే వస్తారు. మామిడిపిందె, నెమలికంఠం, కనకాంబరం, మెంతి, గంధం, దానిమ్మగింజ... మన ఆడవాళ్ల నోట్లో ఉన్నంత మంచి షేడ్ కార్డు ఏ పెయింటు కంపెనీ దగ్గరా లేదు. మాట తర్వాత వస్తువు అడగండి. చీర అంచు, పాత డబ్బా మూత, ఆకు, ఏదైనా సరే చేతికి తీసుకొచ్చి చూపించమనండి. ఫోన్‌లో పంపిన ఫోటో మాత్రం పనికిరాదు. ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా కనపడుతుంది.

తర్వాత, మీ వీధిలో ఆ రంగుకి ఇప్పటికే ఏం అర్థం ఉందో చూడండి. తెలుపు అశుభం అనే మాట తరచూ వింటుంటాను. మన పెళ్లిలో మధుపర్కాలు తెలుపే కదా. ఎర్ర అంచు ఉంది కాబట్టి మంగళకరం అయింది. కాబట్టి పెళ్లి సామాన్ల కొట్టుకి తెలుపు వాడాలనుకుంటే అంచుకి కుంకుమ రంగో పసుపో తగిలించండి, ఎవరూ కాదనరు. ఇంకోటి, మన రెండు రాష్ట్రాల్లో పసుపు, గులాబీ, కాషాయం, నీలం-ఆకుపచ్చ జంట చూడగానే జనానికి జెండాలు గుర్తొస్తాయి. పంచాయతీ ఆఫీసులకి వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇస్తే, సుప్రీంకోర్టు దాకా వెళ్లినా అది నిలబడింది. గోడ మీది రంగుకి ఇక్కడ అంత బరువుంది. పసుపు వాడొద్దని నేను అనను. పసుపు పక్కన ఏం పెడుతున్నామో చూసుకోమంటాను. పసుపు పక్కన ముదురు గోధుమ రంగు పెడితే మిఠాయి కొట్టు గుర్తొస్తుంది, జెండా గుర్తు రాదు.

బోర్డు: రోడ్డు అవతల నుంచి మొదలు

బోర్డు డిజైన్‌ని కంప్యూటర్ ముందు కూర్చుని ఓకే చెయ్యకండి. ఏ4 కాగితం మీద ప్రింటు తీసి గోడకి అతికించి, పది పన్నెండు అడుగుల దూరం నుంచి కళ్లు సగం మూసి చూడండి. మా నాన్న నాతో చేయించింది అదే. కళ్లు సగం మూస్తే రంగు తేడా పోయి వెలుగు-చీకటి తేడా మిగులుతుంది. దూరం నుంచి అక్షరం చదివించేది ఆ తేడానే. ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసినా తెలిసిపోతుంది. ఎరుపు మీద ఆకుపచ్చ అక్షరాలు రంగులో కొట్టొచ్చినట్టుంటాయి. బ్లాక్ అండ్ వైట్ చేస్తే అక్షరమే మాయమవుతుంది. పైగా ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లు మగవాళ్లలో ఎక్కువ. వాళ్లకి అలాంటి బోర్డు మీద అక్షరం మొదటి నుంచీ సరిగా విడిగా కనపడదు. పసుపు మీద నలుపు, ముదురు నీలం మీద తెలుపు, తెలుపు మీద ముదురు ఎరుపు నిలబడతాయి. తెలుపు మీద పసుపు మాత్రం ఎప్పుడూ వద్దు.

అక్షరం ఎత్తుకి బోర్డు పనివాళ్ల లెక్క ఒకటుంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం. రోడ్డు అరవై అడుగులైతే ఆరంగుళాల అక్షరం. తెలుగుకి నేను ఇంకో రెండంగుళాలు కలుపుతాను, వత్తులు, గుడులు కూడా కనపడాలి కాబట్టి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తున్నారు. నల్లటి ఏసీపీ షీటు (అల్యూమినియం-ప్లాస్టిక్ పలక) మీద తెల్లటి ఎల్ఈడీ అక్షరాలు పెట్టిస్తున్నారు. ఇంగ్లీషుకి అది బాగానే ఉంటుంది. తెలుగులో ఆ వెలుగు చుట్టూ పాకి "లక్ష్మీ"లో క్ష కింద మవత్తు ముద్దయిపోతుంది. రాత్రి చూస్తే ఒక తెల్లటి ఉండ కనపడుతుంది. తెల్ల అక్షరాలే కావాలంటే గీత కాస్త సన్నం చేయించండి, వెలుగు తగ్గించమనండి, లేదా వెనకభాగం వెలిగి అక్షరం ముదురుగా ఉండేలా తిప్పేయండి.

సాయంత్రం ఆరున్నరకి, లైట్లు వేయకముందు, ఒకసారి వెళ్లి చూడండి. సందెవేళ మన కంటికి ఎరుపు నల్లబడుతుంది, నీలం వెలుగుతుంది. కంటి లోపల జరిగే మార్పు అది. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త రెండొందల ఏళ్ల కిందటే గమనించాడు. టీ కొట్టు, టిఫిన్ సెంటరు, మందుల షాపు లాంటి వాటికి ఆ వేళే రద్దీ. నిండా ఎరుపు బోర్డైతే లైటు తప్పనిసరి.

ఎండ సంగతి మర్చిపోకండి. విజయవాడ ఎండకి ఫ్లెక్స్ మీద ముందు ఎరుపు, పసుపు సిరాలు పోతాయి, నీలం, నలుపు మిగులుతాయి. పాత పోస్టర్లన్నీ నీలంగా కనపడేది అందుకే. పడమర ముఖం కొట్టుకి నారింజ బోర్డు పెట్టాలని ఉంటే ఫ్లెక్స్ వద్దు. రంగు లోపలి దాకా ఉండే వినైల్ గానీ అక్రిలిక్ అక్షరాలు గానీ చేయించండి. ఖర్చు ఎక్కువే, కానీ ఏడాది తిరక్కుండా మళ్లీ చేయించే పని ఉండదు.

లేబుల్: పక్కింటి రంగు

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం.

గుంటూరు నుంచి ఒక అక్కగారు ఆవకాయ వ్యాపారానికి లేబుల్ చేయించుకోవడానికి వచ్చారు. ఎర్రటి లేబుల్ కావాలి, కారం కనపడాలి అన్నారు. కోరిక సబబే. ఎర్రది చేసి, ప్రింటు తీసి, ఆవిడ తెచ్చిన సీసాకే అతికించి టేబుల్ మీద పెట్టాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. పచ్చడి గోధుమ రంగులోకి వెళ్లిపోయింది. పోయిన నెల పెట్టిన కొత్తావకాయ, ఏడాది కిందటిదిలా కనపడింది. సీసాలో ఏం మారలేదు. అంత ముదురు, మెరిసే ఎరుపు పక్కన పెట్టేసరికి, నూనెలో ఊరిన అసలు ఎరుపు వెలవెలబోయింది.

ఈ సంగతి పారిస్‌లో ఒకాయన తేల్చి చెప్పాడు. గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగం చూసే షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త. మీ నల్లరంగు బాగోలేదు, వెలిసినట్టుంది అని ఆయనకి ఫిర్యాదులు వచ్చాయి. పరీక్ష చేస్తే నలుపులో లోపం లేదు. ఆ నల్ల నూలు నీలం, ఊదా నూళ్ల పక్కన పడినప్పుడే అలా కనపడుతోంది. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు. రంగు తన పక్కనున్న రంగుని తనకి ఎదురు వైపుకి నెడుతుంది, అదీ దాని సారం.

అక్కగారి సీసాకి తర్వాత మూడు రంగులు పెట్టి చూశాం. తెలుపు మీద పచ్చడి శుభ్రంగా కనపడింది గానీ మందుల సీసాలా ఉంది. గంధం రంగు బాగుంది. లేత ఆకుపచ్చ, అంటే పిందె మామిడికాయ చెక్కు రంగు పెట్టగానే సీసాలో ఎరుపు ఎగిసింది. కాయ గుర్తొచ్చింది, కారమూ కనపడింది. చివరికి ఆ ఆకుపచ్చ మీద ముదురు ఎరుపు అక్షరాలే ఖాయం చేశాం. ఆకుపచ్చని బాగా లేతగా ఉంచాం కాబట్టి బ్లాక్ అండ్ వైట్ పరీక్షలో కూడా నిలబడ్డాయి. ఆవిడదే గోంగూర పచ్చడికి అదే లేబుల్ పెడితే పచ్చడి నల్లగా కనపడింది. దానికి గంధం రంగుకి మార్చాం.

మీరు చెయ్యాల్సింది ఏంటంటే, ప్రింటర్‌కి ఇచ్చే ముందు లేబుల్‌ని అసలు కాగితం మీద, అసలు మెరుపుతో ఒక్కటి తీయించండి. నిండుగా ఉన్న సీసాకి అతికించండి. తర్వాత ఆ సీసాని కిరాణా కొట్టుకి తీసుకెళ్లి, అడిగి, పోటీ సీసాల మధ్య పెట్టి ఆరడుగుల వెనక్కి వచ్చి చూడండి. అందరూ ఎరుపైతే మీ ఎరుపు ఎవరికీ కనపడదు. శాకాహారం గుర్తు, ఆ చదరంలో ఆకుపచ్చ చుక్క, ఆకుపచ్చ లేబుల్‌లో కలిసిపోకుండా దాని వెనక తెలుపు ఉంచండి. ఇంకో మాట. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ, నియాన్ నీలం నాలుగు సిరాల ప్రింటింగ్‌లో రావు, మబ్బుగా వస్తాయి. అందుకని మీ రంగుకి సీఎంవైకే అంకెలో (ఆ నాలుగు సిరాల పాళ్లు), పాంటోన్ నంబరో (ప్రింటర్లు వాడే రంగుల కార్డులో నంబరు) అడిగి కాగితం మీద రాయించుకోండి. సంచి మీద ఒక ఎరుపు, విజిటింగ్ కార్డు మీద ఇంకో ఎరుపు ఉంటే పదేళ్లు వ్యాపారం చేసినా ఏ రంగూ మీది కాదు.

పనిచేసే గది

ఆఫీసు గోడ విషయంలో అందరూ రంగు పేరు అడుగుతారు. నేను ముందు అడిగేది కిటికీ ఎటు ఉంది, లైట్లు ఏవి, మనిషి ఎటు తిరిగి కూర్చుంటాడు అని.

నా తప్పు ఒకటి చెప్తాను. ఒక చిన్న క్లినిక్ వెయిటింగ్ హాలుకి లేత పుదీనా రంగు సూచించాను. ఆకుపచ్చ మనసుకి హాయి అని నేనూ అప్పట్లో నమ్మేదాన్ని. గోడలు పూర్తయ్యాక వెళితే కుర్చీల్లో ఉన్న ప్రతివాళ్ల ముఖమూ పాలిపోయి ఉంది. పైన 6500 కెల్విన్ తెల్లటి ట్యూబులు (కెల్విన్ అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలి ఛాయకి, తగ్గేకొద్దీ పసుపు ఛాయకి వెళ్తుంది), నాలుగు గోడల మీంచి ముఖం మీద పడే ఆకుపచ్చ వెలుగు. మన చామనఛాయ ఒంటి రంగు ఆ వెలుగులో జబ్బుగానే కనపడుతుంది. అసలే టెన్షన్‌తో వచ్చినవాళ్లు. లైట్లు 4000 కెల్విన్‌కి మార్పించి, సీఆర్ఐ 90 ఉన్నవి తెప్పించి, రెండు గోడలకి గంధం రంగు వేయించాక ముఖాల్లోకి నెత్తురు వచ్చింది. సీఆర్ఐ అంటే ఆ లైటు కింద రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె, బల్బు పెట్టె మీద ఉంటుంది. చీర కొనేటప్పుడు కొట్టు గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తాం చూడండి, సరిగ్గా అందుకే.

మరి ఆపరేషన్ థియేటర్లో ఆకుపచ్చ ఎందుకు? అక్కడ కారణం హాయి కాదు. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ తెల్లటి గది మిరుమిట్లు గొలుపుతోందని ఆకుపచ్చకి మారాడు. ఎర్రటి గుడ్డని అర నిమిషం తదేకంగా చూసి తెల్ల గోడ వైపు చూడండి, ఆకుపచ్చ మచ్చ తేలుతుంది. నెత్తురు చూసి చూసి తలెత్తే డాక్టరుకి ఆ మచ్చ ఆకుపచ్చ బట్టలో కలిసిపోతుంది. పనికి తగిన రంగు అంటే ఇదీ.

మీ ఆఫీసుకి ఎలా చూసుకోవాలంటే, షేడ్ కార్డులో నచ్చిన రంగుకి ఒకటి రెండు మెట్లు లేతది తీసుకోండి. నాలుగు గోడలూ ఒకదాని మీద ఒకటి రంగు విసురుకుని, చిన్న చీటీ మీద లేతగా ఉన్నది గదంతా ముదిరిపోతుంది. చిన్న డబ్బా తెప్పించి, రెండడుగులు బై మూడడుగుల ప్లై ముక్క మీద రెండు కోట్లు వెయ్యండి. చుట్టూ వేలెడు తెలుపు వదలండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా, ఆరాక ముదురుగా ఉంటుంది కాబట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఆ ముక్కని నిలబెట్టి చూడాలి, టేబుల్ మీద పడుకోబెట్టి కాదు. గోడ మీద పడే వెలుగు వేరు. పొద్దున్న తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకి, రాత్రి లైట్లు వేశాక, మూడుసార్లు. గోడ గోడకీ మార్చి చూడండి. రెండు రోజులు పడుతుంది. గది మొత్తం మళ్లీ వేయించడానికి పట్టే సమయం కన్నా తక్కువే.

లబ్బీపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు, ఎనిమిది మంది, ఉత్తరం కిటికీ. ఉత్సాహం కోసం నారింజ కావాలన్నారు. ఉత్తరపు వెలుగు చల్లగా ఉంటుంది కాబట్టి వెచ్చటి రంగు అడగడం తప్పు కాదు. కాకపోతే రోజంతా అంకెలు చూసేవాళ్లు తలెత్తినప్పుడల్లా నారింజ గోడ కంట్లో పడితే కళ్లు లాగుతాయి. కాబట్టి వాళ్లు చూసే గోడకి లేత గంధం, వాళ్ల వీపు వెనక గోడకి, అంటే లోపలికి వచ్చే క్లయింటుకి కనపడే గోడకి కనకాంబరం రంగు వేశాం. సీలింగ్ తెలుపు. ఎవరు చూడాల్సింది వాళ్లకి దక్కింది.

చీరలు, ప్రింటు, అద్దకం, మేకప్ లాంటి రంగులు సరిచూసే పనైతే ఆ గోడకి మామూలు బూడిద రంగే వెయ్యండి. నా టేబుల్ ముందు గోడ అదే. ఎవరూ మెచ్చుకోరు గానీ ప్రూఫు చూస్తే మోసం చెయ్యదు. ఆటోనగర్ లాంటి వర్క్‌షాపైతే ఎరుపు రంగుని మెషీన్ ఆపే బటన్‌కి, మంటలార్పే సిలిండరుకి మాత్రమే వాడండి. గోడకి, బీరువాకి, కుర్చీకి అన్నిటికీ ఎరుపు వేస్తే చెయ్యి చిక్కుకున్న క్షణంలో కన్ను ఎక్కడికి పోవాలి?

పనంతా అయ్యాక పెయింటు కంపెనీ పేరు, షేడ్ నంబరు, ఎమల్షనా ఎనామిలా, వేసిన తేదీ, ఇవన్నీ మీటరు బాక్సు తలుపు లోపలి వైపు మార్కర్‌తో రాసి పెట్టండి. లైట్లు ఎన్ని కెల్విన్‌వో కూడా అక్కడే రాయండి. ట్యూబు మాడినప్పుడు కుర్రాడు పరిగెత్తి ఏది దొరికితే అది తెస్తాడు, గోడ రంగు మారిపోయిందేంటా అని మీరు నాకు ఫోన్ చేస్తారు.